లేని బాకీ, ఉన్న భయం

మనం చెయ్యని అప్పు తీర్చమని ఎవరైనా అడిగితే ఏం చేస్తాం? నవ్వేస్తామనో, కోప్పడతామనో అనుకుంటాం. కానీ గత నాలుగైదేళ్ళుగా మా గోదావరి జిల్లాల్లో నాకు తెలిసిన ఆడవాళ్ళు చాలామంది ఆ రెండూ చెయ్యలేదు. ముందు గొంతు తగ్గించారు. గది తలుపు దగ్గరకు వేసుకున్నారు. "ఎంత కట్టాలండీ" అని అడిగారు. "ఏ అప్పు?" అని అడగాలన్నది వాళ్ళకి తర్వాతెప్పుడో తోచింది. ముందు రావలసిన ప్రశ్న వెనక్కీ, వెనక రావలసిన ప్రశ్న ముందుకీ ఎందుకు వస్తున్నాయన్నదే ఈ వ్యాసంలో నేను ఆలోచించదలుచుకున్న విషయం.

అమలాపురం దగ్గర ఒక పల్లెలో మా పిన్ని ఒక్కర్తే ఉంటుంది. బాబాయి పోయి రెండేళ్ళయింది. ఒకరోజు పొద్దున్నే ఒక మగగొంతు ఫోను చేసి, చాలా మర్యాదగా, బాబాయి పేరు, ఊరిపేరు చెప్పి, ఆయన ఒక ఫైనాన్స్ కంపెనీలో తీసుకున్న లోనులో 38 వేలు మిగిలిపోయిందన్నాడు. కేసు ఫైలయిందన్నాడు. సాయంత్రానికి పోలీసులు ఇంటికి వస్తారన్నాడు. "పెద్దవారు, వీధిలో పరువుగా బతికిన మనుషులు, ఇదంతా ఎందుకమ్మా, ఇవాళ ఆరు వేలు వేసెయ్యండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు. పిన్ని గొలుసు చెంగున కట్టుకుని తాకట్టు కొట్టుకి బయల్దేరింది. ఫోనులో డబ్బు పంపడం రాదు కాబట్టి ఎలా పంపాలో కనుక్కుందామని దారిలో నాకు ఫోను చేసింది. "అతను కాగితం ఏదైనా చూపించాడా పిన్నీ?" అన్నాను. "పోయిన మనిషి మీద కాగితాలు అడుగుతామా అమ్మాయ్, ఎంత అప్రతిష్ట!" అంది.

డబ్బు వెళ్ళలేదు. ఆ కంపెనీ పేరుతో రాతపూర్వకంగా పంపమని ఆ మనిషిని అడిగిస్తే మరి ఫోను చెయ్యలేదు. కానీ పిన్ని అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. ఆమెకి లెక్కలు రాక కాదు. చీటీపాటలో ఎవరు ఎంత పాడారో, పాలవాడికి ఎన్ని పూటలు ఇవ్వాలో వేళ్ళ మీద చెప్పగల మనిషి. ప్రాంసరీ నోటు వెనక చెల్లు రాయించుకోకుండా ఎవరికీ పైసా ఇవ్వదు. అలాంటి మనిషి ఆ ఒక్క బాకీ విషయంలో మాత్రం రుజువు అడగడమే తప్పనుకుంది. ఆమెకి తెలివి తక్కువై కాదు, ఆమె మనసులో ఆ బాకీ డబ్బుల ఖాతాలో లేదు. ఇంకేదో ఖాతాలో ఉంది.

మన భాషలోనే ఆ ఖాతా ఉంది. అప్పు, బాకీ అన్నప్పుడు లెక్క గుర్తొస్తుంది. రుణం అన్నప్పుడు లెక్క పోతుంది. మనిషి పోతే రుణం తీరిపోయిందంటాం. ఎవరో ఆదుకుంటే ఏ జన్మ రుణమో అంటాం. కన్నవాళ్ళ రుణం తీరదంటాం. ఈ రుణాల్లో ఎక్కడా అసలెంత, వడ్డీ ఎంత, ఎప్పటికి తీరుతుంది అన్న ప్రశ్నలు ఉండవు. ఉండకూడదు కూడా. ఆడపిల్లకి ఈ రుణభావం ఇంకాస్త ముందే అలవాటవుతుంది. నిన్ను చదివించాం, అప్పు తెచ్చి నీ పెళ్ళి చేశాం, నిన్ను ఏలుకుంటున్నాం అన్న మాటల మధ్య పెరిగిన మనిషి, తను ఎవరికో ఎప్పుడూ ఏదో ఇవ్వాల్సే ఉందని నమ్మడానికి రుజువేం కావాలి? దొంగ వసూలుదారు బ్యాంకు భాషలో మాట్లాడతాడు. కానీ అతను తట్టే తలుపు ఈ రుణం అనే తలుపు.

విచిత్రమేమిటంటే, మా పిన్ని ధర్మమనుకున్నది ధర్మశాస్త్రంలోనూ లేదు, చట్టంలోనూ లేదు. తండ్రి అప్పు తీర్చడం పవిత్ర విధి అన్న సూత్రం హిందూ న్యాయంలో చాలాకాలం నడిచింది. కానీ ఆ విధి కొడుకుది, మనవడిది, మునిమనవడిది. భార్యది కాదు. ఆ సూత్రాన్ని కూడా 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం ముందుకాలానికి తీసేసింది. ఆ సవరణ తర్వాత చేసిన అప్పు విషయంలో కేవలం పవిత్ర విధి పేరు చెప్పి కొడుకు మీద కూడా దావా వెయ్యడానికి వీల్లేదు. మనం ఆ చట్టాన్ని కూతుళ్ళకి పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కు ఇచ్చిన చట్టంగా గుర్తుపెట్టుకున్నాం. ఆ పని ఆంధ్రప్రదేశ్‌లో 1980లలోనే ఒక మేరకు జరిగిందనీ చెప్పుకుంటాం. అదే చట్టం వారసత్వంగా వచ్చే పాపభారాన్ని కూడా దించిందన్న సంగతి అంతగా చెప్పుకోం. ఈరోజు చనిపోయిన మనిషి అప్పు అతను వదిలిపోయిన ఆస్తి మేరకే వారసుల మీద పడుతుంది. తను సహ రుణగ్రహీతగానో, జామీనుగానో సంతకం పెడితే తప్ప భర్త అప్పుకి భార్య సొంత గొలుసు పూచీ కాదు.

అరెస్టు సంగతి చూద్దాం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908 నాటిది. అందులో 56వ సెక్షను ఒక్క వాక్యమే. డబ్బు డిక్రీ అమలు కోసం ఏ స్త్రీనీ అరెస్టు చెయ్యమని గానీ సివిల్ జైల్లో పెట్టమని గానీ కోర్టు ఆదేశించకూడదని అది చెబుతుంది. అంటే కోర్టులో దావా గెలిచిన నిజమైన రుణదాతకి కూడా లేని అధికారాన్ని, దావానే లేని గొంతు ఫోనులో చెలాయిస్తోంది. మగవాళ్ళ విషయంలోనూ, కట్టగల శక్తి ఉండి దురుద్దేశంతో ఎగ్గొడితే తప్ప కేవలం పేదరికం వల్ల కట్టలేని మనిషిని జైల్లో పెట్టడం తగదని 1980లో సుప్రీంకోర్టు జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. ఆ తీర్పు జస్టిస్ కృష్ణయ్యర్‌ది. మోసం, చెక్కు చెల్లకపోవడం వేరే విషయాలు. వాటికి వేరే చట్టాలున్నాయి. కానీ ఉత్త అప్పు నేరం కాదు. ఇంత పాత చట్టం మన ఆడవాళ్ళకి ఎందుకు తెలియదు? అది బలహీనుల మీద జాలితో ఇచ్చిన మినహాయింపుగా పుస్తకాల్లో ఉండిపోయింది గానీ, మన హక్కుగా మన చెవిన ఎవరూ వెయ్యలేదు.

చట్టం లేదు, శాస్త్రం లేదు. మరి ఈ భయం ఎక్కడిది? దొంగ వసూలుదారు దాన్ని తయారు చెయ్యలేదు. అతని కంటే ముందు నిజమైన వసూలుదారులు తయారు చేసి ఉంచారు.

మరియా మీస్ నర్సాపురం లేసు అల్లే స్త్రీల గురించి చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. ఆ స్త్రీల అల్లికలు విదేశాలకి ఎగుమతయ్యేవి. ఊళ్ళో మాత్రం వాళ్ళు 'ఇంట్లో ఖాళీగా కూర్చునే ఆడవాళ్ళు'. వాళ్ళ శ్రమ పని కిందకి రాలేదు, వాళ్ళ రాబడి సంపాదన కిందకి రాలేదు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒక సందేహం వస్తుంది. మన సంపాదన ఇంత సులువుగా లెక్క తప్పిపోతుంది, మన బాకీ ఎన్నడూ ఎందుకు లెక్క తప్పదు?

ఎందుకంటే బాకీ దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళు మంచి పార్టీ అని అందరికీ తెలుసు. సూక్ష్మరుణ సంస్థలు ఈ నమ్మకం మీదే పెరిగాయి. పొలం కాగితాలు అక్కర్లేదు, బంగారం అక్కర్లేదు, నలుగురు ఆడవాళ్ళు ఒకరికొకరు పూచీ ఉంటే చాలు. ఒకామె వాయిదా తప్పితే మిగతావాళ్ళు కట్టాలి, లేదా ఆమె గుమ్మంలో కూర్చుని కట్టించాలి. స్నేహం, ఇరుగుపొరుగు అనేవి తాకట్టు వస్తువులయ్యాయి. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు కొన్ని సంస్థల శాఖలు మూయించేదాకా పోయింది. 2010లో ఆత్మహత్యల వార్తల మధ్య, అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. తర్వాత అది చట్టమయింది. వసూలు గుమ్మం దగ్గర కాక పంచాయతీ కార్యాలయం లాంటి బహిరంగ స్థలంలో జరగాలంది. 2023లో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకి ఆ చట్టం వర్తించదని తీర్పిచ్చింది. ఈలోగా 2015 డిసెంబరులో విజయవాడలో కాల్ మనీ వ్యవహారం బయటపడింది. వడ్డీ కట్టలేని స్త్రీల దగ్గర వసూలుదారులు ఏం అడిగారో అప్పుడు పేపర్లన్నీ రాశాయి.

తర్వాత లోన్ యాప్‌లు వచ్చాయి. వీటికి గ్రూపు కూడా అక్కర్లేదు. ఫోనులో ఉన్న పేర్ల జాబితాయే గ్రూపు. అన్నయ్య, అత్తగారు, పిల్లల స్కూలు టీచరు, కుట్టుపని ఇచ్చే ఆవిడ, అందరూ తమకి తెలియకుండానే పూచీదారులయిపోయారు. వాయిదా తప్పితే వాళ్ళందరికీ ఫోటో వెళుతుంది. ఆడమనిషి అయితే ఆ ఫోటోకి వేరే ఒంటిని అతికిస్తారు. 2020 డిసెంబరులో హైదరాబాద్ చుట్టుపక్కల కాల్ సెంటర్ల మీద పోలీసులు దాడులు చేశారు. రిజర్వు బ్యాంకు కార్యబృందం 2021లో ఇచ్చిన నివేదికలో, తాము చూసిన సుమారు 1,100 రుణ యాప్‌లలో దాదాపు 600 చట్టవిరుద్ధమైనవని చెప్పింది. 2022 సెప్టెంబరులో రాజమండ్రిలో, నగ్నంగా మార్చిన ఫోటోల బెదిరింపు భరించలేక ఒక యువజంట ప్రాణాలు తీసుకున్నారు. ఇద్దరు చిన్న ఆడపిల్లలు మిగిలారు. వాళ్ళు తీసుకున్న డబ్బు ఎంతన్నది ఆ పిల్లల ముందు ఏ పాటి ప్రశ్న?

ఈ వరసలో దొంగ వసూలుదారు ఆఖరివాడు. ముందువాళ్ళు కనీసం అప్పిచ్చి పరువుని తాకట్టు పెట్టుకున్నారు. ఇతను ఆ ఖర్చు కూడా పెట్టుకోడు. తాకట్టు ఎలాగూ ఉంది కాబట్టి అప్పివ్వకుండానే వడ్డీ వసూలు చేసుకుంటాడు.

అందువల్లే అతన్ని గుర్తుపట్టే లక్షణాలు చెప్పుకున్నంత మాత్రాన పని పూర్తవదు. అయినా చెప్పుకోవాలి. అతను తొందరపెడతాడు, ఆలోచించడానికి సాయంత్రం వరకే గడువిస్తాడు. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దంటాడు. పోలీసు, కోర్టు, వారంటు అంటాడు. ఎవరికి బాకీయో, అసలెంతో, ఏ తేదీదో రాసి పంపమంటే దాటేస్తాడు. డబ్బు కంపెనీ ఖాతాకి కాక ఎవరిదో మనిషి నంబరుకి వెయ్యమంటాడు. ముందు కొంచెం కట్టమంటాడు. ఈ 'కొంచెం' చాలా లోతైన గొయ్యి. ఒకసారి కడితే అతనికి మనం దొరికామని తెలుస్తుంది. నిజంగా ఒక పాత అప్పు ఉన్నా, నోటు అప్పుకి మామూలుగా మూడేళ్ళ గడువు. ఆ గడువులోపల కొంత కట్టి రాసిస్తే గడువు మళ్ళీ మొదటికి వస్తుంది, గడువు దాటాక కూడా కడతానని రాసి సంతకం పెడితే అది కొత్త వాగ్దానమవుతుంది. నోరు మెదిపే ముందు, వేలు కదిపే ముందు కాగితం అడగాలన్నది ఇందుకే.

అసలు రుణదాతలకి నియమాలున్నాయి. ఉదయం 8 కంటే ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్లు చెయ్యకూడదని, రుణగ్రహీతనీ ఆమె బంధువులనీ అవమానించకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో చెప్పింది. యాప్ ద్వారా ఇచ్చే అప్పు నేరుగా రుణగ్రహీత ఖాతాకి రావాలని, తిరిగి నేరుగా సంస్థ ఖాతాకే వెళ్ళాలని, ఫోనులోని పేర్ల జాబితానీ ఫోటోలనీ యాప్ ముట్టుకోకూడదని ఆ మరుసటి నెలలో చెప్పింది. వసూలు పని ఎవరికి అప్పగించారో రుణగ్రహీతకి ముందే తెలియజెయ్యాలి. ఇవన్నీ తెలుసుకోవలసినవే. కానీ నిజమైన కంపెనీ ఏజెంటు కూడా ఇవన్నీ తుంగలో తొక్కి అచ్చం దొంగలాగే మాట్లాడవచ్చు. అలా మాట్లాడినవాళ్ళని మనం చూశాం. కాబట్టి ఇతను అసలా నకిలీయా అని గొంతు వినిపించినంతసేపూ తేల్చుకోవాలని చూస్తే ఓడిపోతాం. మన జవాబు ఇద్దరికీ ఒకటే కావాలి: "రాసి పంపండి. చూసి చెబుతాను." ఆ తర్వాత ఫోను పెట్టేసి, నిజంగా మనకి ఆ సంస్థతో వ్యవహారం ఉంటే, మన పాసుపుస్తకం మీదో, రుణపత్రం మీదో ఉన్న నంబరుకి మనమే చెయ్యాలి.

ఈ మాట మా కాలేజీ స్టాఫ్‌రూంలో అంటే ఒక సహాధ్యాపకురాలు అభ్యంతరం చెప్పింది. "ఇలా చెబితే నిజంగా అప్పున్నవాళ్ళు కూడా కాగితం కాగితమంటూ ఎగ్గొట్టరా? మాట మీద బతికే పేదవాళ్ళ మధ్య నమ్మకం పోదా?" అంది. ఈ ప్రశ్న తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. చేబదుళ్ళు, చీటీలు, కౌలు మాటలు, ఇవన్నీ నమ్మకం మీద నడిచే ఊళ్ళు మావి. కాని మాట మీద నడిచే అప్పులో ఇచ్చిన మనిషి ఎదురుగా ఉంటుంది. ఆమె ముఖం మనకి తెలుసు, మన కష్టం ఆమెకి తెలుసు. నమ్మకానికి రెండు చివరలున్నాయి. ముఖం లేని గొంతు నమ్మకాన్ని అడుగుతున్నప్పుడు, తను ఏమీ పూచీ పెట్టకుండా మన పూచీ మాత్రం అడుగుతోంది. అక్కడ రుజువు అడగడం నమ్మకద్రోహం కాదు. నా దృష్టిలో అది నిజాయితీలో భాగం. ఎవరికి ఎంత ఇవ్వాలో కచ్చితంగా తెలుసుకున్న మనిషే ఇవ్వాల్సింది ఇవ్వగలదు. ఎవరడిగినా ఇచ్చేసే మనిషి నిజాయితీపరురాలు కాదు, భయస్థురాలు. ఆమెని భయస్థురాల్ని చేసి, ఆ భయానికి నిజాయితీ అని పేరు పెట్టి మెచ్చుకున్న సమాజం సంగతి మనం మాట్లాడాలి.

ఇంకో చిక్కు ఉంది. ఫోనుకి అవతల ఉన్నదెవరు? లోన్ యాప్‌ల కాల్ సెంటర్లలో కూర్చుని తిట్టినవాళ్ళలో డిగ్రీ చదివి, నెలకి కొద్దివేల జీతానికి చేరిన మన తెలుగు పిల్లలే ఉన్నారు, వాళ్ళలో ఆడపిల్లలూ ఉన్నారు. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు పట్టుకున్న ముఠా కథ ఇంకా ఘోరం. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి యువకుల్ని కంబోడియా పంపించారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, సైబర్ మోసాలు చేయించారు. అలాంటి శిబిరాల్లో చిక్కుకున్నవాళ్ళకి చెప్పే మాట ఒకటే. నిన్ను తేవడానికి ఇంత ఖర్చయింది, అది తీర్చేదాకా కదలడానికి లేదు అని. అంటే లేని బాకీ పేరుతో బందీ అయిన మనిషి లేని బాకీ వసూలు చెయ్యడానికి మనకి ఫోను చేస్తూ ఉండవచ్చు.

దీనర్థం జాలిపడి డబ్బు పంపమని కాదు. మా పిన్ని గొలుసు ఎవరి విముక్తికీ వెల కాదు. నేననేది, ఆ గొంతుని అరగంటసేపు తిట్టి గెలిచామనుకోవడంలో పెద్ద గెలుపు లేదని. మాట పెంచకుండా పెట్టేసి, నంబరు, సమయం, అన్న మాటలు రాసుకుని, 1930కి ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వడం మంచిది. డబ్బు వెళ్ళిపోయి ఉంటే ఆ ఫోను ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బుని దారిలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. మన కోపం ఆ గొంతు దగ్గర ఆగిపోకూడదు. దాన్ని అక్కడ కూర్చోబెట్టినవాళ్ళ దాకా వెళ్ళాలి.

ఇక మిగిలింది రహస్యం. ఈ వ్యాపారానికి అసలు పెట్టుబడి అదే. ఎవరికీ చెప్పొద్దని అతను అనకపోయినా మనం చెప్పం. రాజోలు వైపు ఒక డ్వాక్రా సంఘంలో కొంతకాలంగా ఒక అలవాటు చేసుకున్నారు. పొదుపు డబ్బు లెక్క మొదలుపెట్టే ముందు, ఈ నెలలో ఎవరెవరికి బెదిరింపు ఫోన్లు వచ్చాయో చెప్పుకుంటారు. నేను వెళ్ళినరోజు మొదట ఎవరూ నోరు విప్పలేదు. ఒకామె చెప్పింది. వెంటనే ఇంకో నలుగురు చెప్పారు. అదే గొంతు, అవే మాటలు, అంకెలు మాత్రం వేరు. నవ్వులు మొదలయ్యాయి. సూక్ష్మరుణం ఆడవాళ్ళని ఒకరి మీద ఒకర్ని కాపలా పెట్టింది. ఇక్కడ అదే కూడిక ఒకరికొకరు కాపలా అయింది. సంఘం అన్న మాటకి ఉన్న రెండు అర్థాలూ నాకు ఆరోజు తెలిశాయి.

ఫోటోల బెదిరింపు విషయంలోనూ దారి ఇదే. "నా ముఖం అతికించి ఎవరో బొమ్మ పంపుతున్నారు, వస్తే తెరవకండి, ఆ నంబరు నాకు చెప్పండి" అని మనమే ముందు అందరికీ చెప్పేస్తే, అతని చేతిలో మిగిలేది కాగితం పులి. ఇది రాయడం సులువు, చెయ్యడం కష్టం. చెప్పిన అమ్మాయిని ముందు "నువ్వు అప్పెందుకు చేశావు" అని అడిగే ఇళ్ళు మనవి. ఆ ప్రశ్నకి భయపడే ఆమె వసూలుదారు కాళ్ళు పట్టుకుంటుంది. అందుకని మారవలసింది ఆమె ఒక్కతే కాదు. ఆమె చెప్పినప్పుడు వినే మనం కూడా. నిజంగానే అప్పు చేసి ఉన్నా, వాయిదాలు తప్పి ఉన్నా, ఆమె బాకీ ఉన్నది డబ్బు మాత్రమే. తన ముఖం, ఒళ్ళు, నిద్ర, ప్రాణం ఆమె ఎవరికీ బాకీ లేదు. అంత చీకటి కమ్మినప్పుడు టెలి మానస్ 14416 నంబరులో తెలుగులో మాట్లాడేవాళ్ళు ఉంటారు. కానీ ఆ నంబరు కంటే ముందు ఆమె చెయ్యగలిగిన ఫోను మనకి అయితే మంచిది.

స్త్రీవాదం ఇన్నేళ్ళుగా పరువు గురించి చాలా రాసింది. కులం, ప్రేమ, పెళ్ళి, శరీరం దగ్గర అది ఏం చేస్తుందో చూపించింది. అప్పు దగ్గర అది ఏం చేస్తుందన్నది మనం ఆర్థికశాస్త్రానికీ పోలీసులకీ వదిలేశాం. అది మన విషయమే. మన క్లాసుల్లో ప్రాంసరీ నోటు ఎలా చదవాలో, 56వ సెక్షనులో ఏముందో ఒక గంట చెబితే సిలబస్‌కి వచ్చే నష్టమేమీ లేదు. మన ఆడపిల్లలకి లెక్కలు వచ్చు. లెక్క అడగడం మర్యాద తప్పడం కాదని మాత్రం ఇంకా నేర్పలేదు.